యంత్రం ఎత్తిన జెండా: చదవడం వేరు, దించడం వేరు

రైలు ప్రయాణం చేసిన ప్రతివారికీ గార్డు చేతిలోని జెండా సంగతి తెలుసు. జెండా ఎత్తితే చాలదు. దానిని చూడవలసినవాడు చూడాలి, చూసి దాని అర్థం గ్రహించాలి, ఆ అర్థానికి తగిన పని చేయాలి. ఈ మూడూ జరిగితేనే జెండాకు సార్థకత. కర్మాగారాలలోని యంత్రాలు కూడా ఇట్లాగే జెండాలు ఎత్తుతాయి. అయితే అవి గుడ్డతో కుట్టినవి కావు. తీగ మీదుగా నడిచే ఒకటి, సున్న అనే రెండే రెండు గుర్తులతో తయారైనవి. వాటిని ఇంజనీర్లు ఫ్లాగులు అంటారు. మనం జెండాలనే చెప్పుకుందాం.

మన కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ప్రాంతాలలో కర్మాగారాలకు కొదవ లేదు. బెంగుళూరులో పీణ్య, చెన్నైలో మణలి, ఒడిశాలో రూర్కెలా, పుణె పక్కన చించ్‌వడ్ పేర్లు తెలియనివారు తక్కువ. మన పిల్లలు కొందరు ఇటువంటి చోట్ల ఉద్యోగాలు చేస్తున్నారు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు "నీ పని ఏమిటి నాయనా?" అని అడిగితే, "ట్రాన్స్‌మిటర్ల స్టేటస్ చూస్తాను తాతయ్యా" అని చెప్పి ఊరుకుంటారు. ఆ స్టేటస్ అనేది ఏమిటో, దానిని చూడటంలో అంత బాధ్యత ఎందుకున్నదో తెలుసుకోవడం ఇంటివారికి కూడా అవసరమే. ఎందుకంటే ఆ జెండాను సరిగా చదవడం మీద పనివాళ్ళ ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

పాత రిలేలు నేర్పిన ఆచారం

ఈ వ్యవహారం కంప్యూటర్లతో మొదలైనది కాదు. విద్యుత్ సబ్‌స్టేషన్లలో పాతకాలపు రక్షణ రిలేలు ఉంటాయి. లైనులో ఏదైనా దోషం వచ్చి రిలే పనిచేసినప్పుడు, దాని గాజుమూత వెనుక చిన్న రంగు రేకు ఒకటి కిందికి పడుతుంది. దానినే ఫ్లాగ్ పడింది అంటారు. లైను మళ్ళీ బాగుపడినా ఆ రేకు తనంతట తాను పైకి లేవదు. ఆపరేటరు వచ్చి చేత్తో మీట నొక్కితేనే లేస్తుంది.

ఎందుకు ఈ ఏర్పాటు? దోషం అరక్షణంలో వచ్చి పోతుంది. ఆ క్షణంలో అక్కడ మనిషి ఉండకపోవచ్చు. వచ్చినవాడికి ఏమి జరిగిందో చెప్పే సాక్షి ఒకటి కావాలి. అందుచేత మంచి ఆపరేటరు ముందుగా ఏ రిలే ఫ్లాగ్ పడిందో చూస్తాడు, టైముతో సహా పుస్తకంలో వ్రాస్తాడు, ఆ తరువాతనే మీట నొక్కుతాడు. వ్రాయకుండా నొక్కితే సాక్షిని పంపివేసి తరువాత విచారణ మొదలుపెట్టినట్టే. ఈ చిన్న ఆచారంలోనే ఇప్పటి పెద్ద యంత్రభాషల సారమంతా ఉన్నది.

రెండు తీగల మీద సంభాషణ

కర్మాగారంలో ఒక ట్యాంకు ఉన్నదనుకుందాం. అందులోని ఒత్తిడినో మట్టాన్నో కొలిచే పరికరాన్ని ట్రాన్స్‌మిటర్ అంటారు. అది తన కొలతను రెండు తీగల మీద విద్యుత్తు రూపంలో కంట్రోల్ రూముకు పంపుతుంది. కొలత అతి తక్కువైతే 4 మిల్లీ ఆంపియర్లు, అతి ఎక్కువైతే 20 మిల్లీ ఆంపియర్లు. సున్న నుంచి మొదలుపెట్టక 4 నుంచి ఎందుకు మొదలుపెట్టారంటే, తీగ తెగితే విద్యుత్తు సున్న అవుతుంది. అప్పుడు "ట్యాంకు ఖాళీగా ఉన్నది" అనే మాటకూ "తీగ తెగింది" అనే మాటకూ తేడా తెలియాలి గదా! పరికరం తన లోపల చెడిపోయిందని తెలుసుకుంటే విద్యుత్తును 3.6కు దించడమో, 21కి పైగా ఎత్తడమో చేసే పద్ధతి కూడా ఉన్నది.

కాని ఈ విద్యుత్తు ఒక్క మాటే చెప్పగలదు. ఏమి చెడింది, ఎప్పుడు చెడింది అని అడిగితే దానికి నోరు లేదు. ఈ లోటు తీర్చడానికి 1980ల నడుమ అమెరికాలో హార్ట్ అనే ప్రోటోకాల్, అనగా సంభాషణ నియమావళి పుట్టింది. తరువాత దానిని అన్ని కంపెనీలకూ తెరిచి పెట్టారు. 1993లో దాని కోసం ఒక ఫౌండేషన్ ఏర్పడింది. 2015 నుంచి ఫీల్డ్‌కామ్ గ్రూప్ అనే సంస్థ దాని బాగోగులు చూస్తున్నది.

హార్ట్ చేసిన తమాషా ఏమిటంటే, ఆ పాత రెండు తీగల మీదనే, ఆ పాత విద్యుత్తు మీదనే చిన్న అలలను ఎక్కించింది. సెకనుకు 1200 సార్లు ఊగే అల వస్తే ఒకటి అని అర్థం, 2200 సార్లు ఊగే అల వస్తే సున్న అని అర్థం. అల పైకి ఎంత లేస్తుందో కిందికి అంతే దిగుతుంది గనుక సగటు సున్న. పాత కొలతకు భంగం లేదు. పాటకు తంబూరా శ్రుతి అడ్డురానట్టే ఇదీను.

ఎనిమిది జెండాలు

కంట్రోల్ రూములోని కంప్యూటరు "నీ కొలత ఎంత?" అని అడుగుతుంది. పరికరం జవాబు చెబుతుంది. ఆ జవాబులో అసలు కొలతకు ముందుగా రెండు చిన్న మాటలు ఉంటాయి. మొదటిది ఇప్పుడు అడిగిన ప్రశ్నకు సంబంధించినది. ప్రశ్న సరిగా వినబడిందా, చెప్పిన పని చేయగలిగిందా అన్నది అందులో ఉంటుంది. రెండవది పరికరం ఆరోగ్యానికి సంబంధించినది. ఈ రెండవ మాటలోనే ఎనిమిది జెండాలు ఉన్నాయి. ఏ ప్రశ్న అడిగినా ప్రతి జవాబులోనూ ఇవి వెంట వస్తాయి.

వరుసగా చెప్పుకుంటే ఇవి. ఒకటి, నేను చెడిపోయాను. రెండు, నా అమరికను ఎవరో మార్చారు. మూడు, నాకు కరెంటు పోయి వచ్చింది, లేదా నేను మళ్ళీ మొదటి నుంచి లేచాను. నాలుగు, చెప్పవలసింది ఇంకా ఉన్నది, విడిగా అడగండి. అయిదు, నా విద్యుత్తును ఒకే అంకె మీద కట్టివేశారు. ఆరు, నా విద్యుత్తు హద్దుకు చేరింది, ఇక కదలలేదు. ఏడు, ముఖ్యమైన కొలత కాక మరొక కొలత హద్దు దాటింది. ఎనిమిది, ముఖ్యమైన కొలతే హద్దు దాటింది.

నాలుగవ జెండా ఎగిరినప్పుడు కంప్యూటరు 48వ నంబరు ఆజ్ఞతో వివరాలు అడగాలి. అప్పుడు పరికరం తన లోపలి సంగతులు ఒక్కొక్కటే విప్పి చెబుతుంది. డాక్టరు దగ్గరకు వెళ్ళిన రోగి "ఒంట్లో బాగులేదు" అని మొదట అని, నాడి పట్టుకుని అడిగిన తరువాత అసలు బాధ చెప్పినట్టు.

అయిదవ జెండా విషయంలో ప్రత్యేకమైన జాగ్రత్త కావాలి. పరీక్ష చేసేటప్పుడు టెక్నీషియన్ ట్రాన్స్‌మిటర్ విద్యుత్తును ఒక అంకె మీద నిలబెడతాడు. పరీక్ష అయిన తరువాత విడుదల చేయడం మరిచిపోతే, ట్యాంకులో మట్టం ఎంత మారినా కంట్రోల్ రూములో అంకె కదలదు. చూసేవారికి అంతా ప్రశాంతంగా ఉన్నట్టే తోస్తుంది. ఆ ప్రశాంతత అబద్ధమని చెప్పే ఒకే ఒక్క సాక్షి ఆ జెండా.

దించే పద్ధతి మూడు తీరులు

జెండాలన్నీ ఒకే విధంగా దిగవు. ఇది తెలియక చాలమంది తికమక పడతారు.

మొదటి తీరు జెండాలు కారణం పోతే తామే దిగుతాయి. కొలత హద్దు దాటిందన్న జెండా, కొలత మళ్ళీ హద్దులోకి వస్తే తానే పోతుంది. వీటిని ఏ ఆజ్ఞతోనూ దించలేము, దించవలసిన పనీ లేదు. వీటితో వచ్చే చిక్కు వేరే ఉన్నది. హార్ట్ సంభాషణ నెమ్మది. సెకనుకు రెండు మూడు ప్రశ్నోత్తరాల కంటె సాగవు. ఒక కంప్యూటరు వంద పరికరాలను వంతులవారీగా అడుగుతూ ఉంటే, ఒక పరికరంలో అయిదు సెకన్లు వచ్చిపోయిన బాధ ఎవరి కంటా పడకపోవచ్చు.

రెండవ తీరు జెండాలు చెప్పగానే దిగుతాయి. కరెంటు పోయి వచ్చిందన్న జెండా ఇటువంటిది. పరికరం లేచిన తరువాత మొదటి జవాబులో ఆ సంగతి చెబుతుంది. తరువాత ఇక చెప్పదు. ప్రయోగశాలలోని కొలత పరికరాలకు 1987లో వచ్చిన ఐ.ఇ.ఇ.ఇ. 488.2 అనే ప్రమాణంలో కూడా, జరిగిన సంఘటనల పట్టికను ఒకసారి చదివితే అది తుడిచిపెట్టుకుపోతుంది. ఇక్కడ చదివినవాడిదే భారం. చదివి వ్రాసుకోకపోతే, తరువాత వచ్చినవాడికి ఖాళీ పలక తప్ప మరేమీ కనిపించదు.

మూడవ తీరు జెండాలు మనం దించినదాకా దిగవు. హార్ట్‌లో "నా అమరికను ఎవరో మార్చారు" అన్న జెండా ఇట్లాంటిది. కరెంటు పోయినా అది అలాగే నిలిచి ఉంటుంది. దానిని దించడానికి 38వ నంబరు ఆజ్ఞ ప్రత్యేకంగా పంపాలి. ఇందులో మరొక చక్కని ఏర్పాటు ఉన్నది. ఒక పరికరంతో ఇద్దరు యజమానులు మాట్లాడవచ్చు. కంట్రోల్ రూములోని కంప్యూటరు ఒకరు, టెక్నీషియన్ చేతిలో పట్టుకు తిరిగే పెట్టె మరొకరు. ఈ జెండా ఇద్దరికీ వేరువేరుగా ఉంటుంది. టెక్నీషియన్ తన జెండాను దించుకున్నా కంట్రోల్ రూము జెండా అలాగే ఎగురుతూ ఉంటుంది. అన్న ఉత్తరం చదివినంత మాత్రాన తమ్ముడు చదివినట్టు కాదు గదా! ఎవరి ఉత్తరం వారే చదువుకోవాలి.

చదవడానికీ దించడానికీ నడుమ

ఇప్పుడు ఒక సూక్ష్మం. కంట్రోల్ రూములో ఒక ఇంజనీరు ఆ జెండాను చూశాడు. పరికరం అమరికంతా చదివి, ఎవరో కొలత హద్దు మార్చారని తెలుసుకుని, సరేననుకుని జెండా దించమని ఆజ్ఞ పంపాడు. అతడు చదవడానికీ దించడానికీ నడుమ ఉన్న అరనిమిషంలో, ట్యాంకు దగ్గర టెక్నీషియన్ మరొక అమరిక మార్చాడు. ఇంజనీరు ఆజ్ఞతో జెండా దిగిపోయింది. రెండవ మార్పు ఎవరూ చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు.

ఈ ప్రమాదాన్ని తప్పించడానికి తరువాతి రూపాలలో ఒక లెక్క ప్రవేశపెట్టారు. అమరిక మారినప్పుడల్లా పరికరం తన లెక్కలో ఒకటి కలుపుకుంటుంది. హార్ట్ ఏడవ రూపం వచ్చేసరికి, జెండా దించమనే ఆజ్ఞతోబాటు ఆ లెక్క కూడా పంపాలని నియమం పెట్టారు. "నేను 47వ మార్పు దాకా చూశాను, దించు" అని ఇంజనీరు చెబుతాడు. ఇంతలో లెక్క 48 అయి ఉంటే పరికరం ఒప్పుకోదు, లెక్క కుదరలేదని తిప్పి పంపుతుంది. అతడు మళ్ళీ చదవవలసిందే. బ్యాంకు పాసుపుస్తకంలో ఆఖరి నిల్వ సరిపోతేనే కిందిగీత గీసినట్టు.

ఇదే నీతి మరొక రూపంలో అనేక పరికరాలలో కనిపిస్తుంది. కొన్నిటిలో ఒక జెండాను దించాలంటే దాని స్థానంలో ఒకటి వ్రాయాలి. ఒకటి వ్రాస్తే సున్న కావడమేమిటని కొత్తవారికి విడ్డూరంగా తోస్తుంది. కాని ఆలోచిస్తే ఇందులో తెలివి ఉన్నది. మొదటి జెండా, మూడవ జెండా ఎగురుతున్నాయని చదివాము. అవే రెండు ఒకట్లు తిరిగి వ్రాస్తాము. ఆ రెండే దిగుతాయి. ఇంతలో అయిదవ జెండా లేచి ఉంటే, దాని చోట మనం సున్న వ్రాశాము గనుక అది చెక్కుచెదరదు. అన్నిటినీ ఒక్కసారిగా తుడిచివేసి ఉంటే, మనం చూడని అయిదవది కూడా పోయేది. చూసినదానినే దించాలి, చూడనిదానిని దించే అధికారం ఎవరికీ లేదు. ఈ న్యాయాన్ని యంత్రం చేతనే పాటింపజేశారన్నమాట.

1979లో పుట్టి ఇప్పటికీ విరివిగా వాడబడుతున్న మోడ్‌బస్ అనే మరొక భాషలో ఎనిమిది స్థితి గుర్తులను చదవడానికి 7వ నంబరు ప్రశ్న ఉన్నది. అయితే ఆ ఎనిమిదింటికీ అర్థం ఏమిటన్నది పరికరాన్నిబట్టి మారుతుంది. అందుచేత ఒక పరికరంతో అలవాటైనవాడు మరొకదాని దగ్గర అదే అర్థం చెప్పుకుంటే పొరబాటు తప్పదు. ఆ పరికరంతో వచ్చిన పుస్తకం తెరవవలసిందే.

బన్స్‌ఫీల్డ్ చెప్పిన పాఠం

ఇంతవరకూ చెప్పినది నియమాల మాట. నియమం ఎంత చక్కగా ఉన్నా మనిషి ఆచారం చెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంగ్లండులో జరిగిన ఒక సంఘటన చాలు. అక్కడి పరికరం ఈ హార్ట్ జెండాలతో పనిచేసిందని కాదు. గుర్తును తుడిచి, కారణాన్ని వదలడం ఎంతకు దారి తీస్తుందో అది చూపుతుంది.

లండన్‌కు ఉత్తరాన హెమెల్ హెంప్‌స్టెడ్ ఊరి పక్కన బన్స్‌ఫీల్డ్ అనే చోట పెద్ద చమురు నిల్వకేంద్రం ఉండేది. 2005 డిసెంబరు 10 రాత్రి అక్కడి 912 నంబరు ట్యాంకులోకి గొట్టం ద్వారా పెట్రోలు ఎక్కుతున్నది. తెల్లవారుజామున సుమారు 3 గంటలకు మట్టం చూపే గేజి అంకె నిలిచిపోయింది. పెట్రోలు మాత్రం నిలవలేదు. గంటకు సుమారు 550 ఘనమీటర్ల చొప్పున ఎక్కుతూనే ఉన్నది. ట్యాంకు నిండుతున్నదని హెచ్చరించే గంటలు ఆ గేజిమీదనే ఆధారపడినవి గనుక ఒక్కటీ మోగలేదు. గేజితో సంబంధం లేకుండా ఆఖరి రక్షణగా పెట్టిన మరొక స్విచ్చి కూడా పనిచేయలేదు. పరీక్ష తరువాత దాని మీటను సరియైన స్థానంలో నిలిపి ఉంచడానికి ఒక తాళం వేయాలి, ఆ తాళం వేసి లేదు.

5 గంటలు దాటిన తరువాత పెట్రోలు పైనుంచి పొర్లింది. 2,50,000 లీటర్లకు పైగా కారిపోయింది. ఆవిరి మబ్బులా కమ్ముకున్నది. డిసెంబరు 11 ఆదివారం ఉదయం 6 గంటల 1 నిమిషానికి పేలుడు జరిగింది. 20కి పైగా ట్యాంకులు అంటుకున్నాయి. 43 మంది గాయపడ్డారు. ఆదివారం తెల్లవారుజాము కావడం చేత ప్రాణనష్టం జరగలేదు. పనిరోజు మధ్యాహ్నమే అయి ఉంటే ఏమి జరిగేదో ఊహించడానికే భయం వేస్తుంది.

విచారణలో బయటపడిన సంగతి ఇంకా ఆలోచింపదగినది. ఆ గేజి అంతకు ముందు కూడా, ఆగస్టు ఆఖరు నుంచి ఆ ప్రమాదం దాకా 14 సార్లు నిలిచిపోయింది. నిలిచిపోయినప్పుడు ఒక్కొక్కసారి గేజిని పైకంటా లేపి మళ్ళీ దించేవారు. అంకె మళ్ళీ కదిలేది. కొన్నిసార్లు పుస్తకంలో వ్రాసేవారు, కొన్నిసార్లు వ్రాసేవారు కారు. మరమ్మతుకు మనుషులు వచ్చారు గాని, ఎందుకు నిలుస్తున్నదో అసలు కారణం తేలలేదు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు మన పెద్దలు. విసనకర్రతో పొగను విసిరివేస్తే కళ్ళమంట తగ్గుతుంది, నిప్పు ఆరదు. ఆ గేజిని ప్రతిసారీ కదిలించడం పొగను విసరడమే. రెండవసారి నిలిచిన రోజున "ఇది రెండవసారి" అని పుస్తకం చెప్పి ఉంటే, అయిదవసారికి ఎవరో ఒకరు ట్యాంకు నింపడం ఆపి ఉండేవారేమో!

మన ఇంటి ముంగిట

ఇదంతా కర్మాగారాల గొడవ, మనకేమిటి అనుకోనక్కర లేదు. ఇంటి ముందున్న కారులో కూడా ఇదే వ్యవహారం ఉన్నది. ఇంజనులో లోపం కనిపెట్టినప్పుడు డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ దీపం వెలుగుతుంది. మెకానిక్ చిన్న పరికరం తగిలించి లోపం నంబరు చదువుతాడు. అదే పరికరంతో ఒక మీట నొక్కి దానిని తుడిచివేయవచ్చు. దీపం ఆరిపోతుంది, మనమూ సంతోషిస్తాము. కారణం పోకపోతే కొద్ది రోజులకు మళ్ళీ వెలుగుతుంది.

తుడిచినప్పుడు నంబరు ఒక్కటే పోదు. లోపం వచ్చిన క్షణంలో ఇంజను వేగమెంత, వేడిమి ఎంత అని కారు దాచుకున్న లెక్క కూడా పోతుంది. మెకానిక్‌కు పనికివచ్చే సాక్ష్యం అదే. కాబట్టి "దీపం ఆర్పు నాయనా" అని అడగకుండా, "నంబరు ఏమిటో కాగితం మీద వ్రాసి, కారణం చెప్పు, తరువాత ఆర్పు" అని అడగాలి. పాత కారు కొనేవారికి మరొక సంగతి. లోపాలను తుడిచివేస్తే, కారు తనను తాను చేసుకునే పరీక్షలు కూడా "ఇంకా పూర్తి కాలేదు" అన్న స్థితికి వెళతాయి. దీపం వెలగకపోయినా ఆ పరీక్షలు చాలావరకు పూర్తి కాలేదని కనిపిస్తే, ఈమధ్యనే ఎవరో తుడిచి ఉండవచ్చు, లేదా బ్యాటరీ విప్పి ఉండవచ్చు. ఎందుకని అడిగి తెలుసుకున్న తరువాతనే డబ్బు చేతిలో పెట్టాలి.

చేయవలసిన వరుస

ఇప్పుడు ఈ పనిలో ఉన్న మన పిల్లల కోసం వరుస చెప్పుకుందాము. ముందు జెండా చదవాలి. టైముతో వ్రాయాలి. వివరం అడగాలి. కారణం వెతకాలి. బాగుచేయాలి. ఆ తరువాతనే, చూసిన జెండాను మాత్రమే దించాలి. దించి వెళ్ళిపోకుండా మళ్ళీ ఒకసారి చదవాలి. అది తిరిగి లేస్తే పని పూర్తి కాలేదని అర్థం. షిఫ్టు మారేటప్పుడు తరువాత వచ్చేవారికి నోటితోనూ, పుస్తకంలోనూ చెప్పాలి. పైవారు తొందరపెట్టినా ఈ వరుస తప్పకూడదు. తెరమీద ఎర్రగుర్తులు లేకుండా చేయడం ఎవరికైనా చేతనవుతుంది. ఎర్రగుర్తుకు కారణం లేకుండా చేయడమే ఉద్యోగం.

ఇంట్లో పెద్దలు చేయవలసిన పని కూడా ఒకటి ఉన్నది. పిల్లవాడో, కోడలో రాత్రి షిఫ్టు ముగించుకుని ఆలస్యంగా ఇంటికి వస్తే, "డ్యూటీ అయిపోయినా ఇంకా అక్కడ ఏమి చేస్తున్నావు?" అని విసుక్కోవద్దు. పుస్తకంలో నాలుగు పంక్తులు వ్రాయడానికి ఆగి ఉండవచ్చు. ఆ నాలుగు పంక్తులు చదివి, తరువాతి షిఫ్టులో ఎవరింటి బిడ్డో క్షేమంగా ఇల్లు చేరుకుంటాడు.